నిద్ర పెప్టైడ్‌లు: సాక్ష్యం ఎంత, సందేహం ఎంత?

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 పెప్టైడ్ అంటే ఏమిటి?
9.3 నిద్ర పదార్థం కోసం వెతుకులాట
9.4 డి.ఎస్.ఐ.పి. కథ
9.5 పోలికకు ఒరెక్సిన్
9.6 మందు పనిచేసిందని ఎందుకు అనిపిస్తుంది?
9.7 సీసాలో ఏముంది? చట్టం ఏమంటుంది?
9.8 నిద్ర పట్టనివారు ఏం చేయాలి?
9.9 సారాంశం
9.10 మీ ప్రగతిని సమీక్షించుకోండి: జవాబులు
9.11 నమూనా పరీక్షా ప్రశ్నలు
9.12 కీలక పదాలు

9.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• పెప్టైడ్‌ల స్వభావాన్ని, వాటిని మందులుగా వాడడంలోని ఇబ్బందులను వివరించగలుగుతారు.
• డి.ఎస్.ఐ.పి. అనే పెప్టైడ్‌కు నిద్ర మందుగా ఉన్న సాక్ష్యం ఎందుకు బలహీనమో చెప్పగలుగుతారు.
• నియంత్రిత పరీక్ష, ప్లాసిబో, సగటు వైపు మళ్లడం అనే భావనలను ఉదాహరణలతో వివరించగలుగుతారు.
• కొత్త మందు గురించిన ఏ ప్రకటననైనా కొన్ని ప్రశ్నలతో పరీక్షించగలుగుతారు.

9.1 పరిచయం

నూజివీడు ప్రాంతంలో మామిడి సీజను మొదలైతే రాత్రికి, పగలుకు తేడా ఉండదు. తెల్లవారుజామున కోత, మధ్యాహ్నం ఏరివేత, సాయంత్రం లోడింగు, రాత్రికి లారీలు బయలుదేరడం. మార్చి చివరి నుంచి జూన్ దాకా ఇదే వరస. ఆ రోజుల్లో ఒక సాయంత్రం, ఒకప్పుడు నా కౌన్సెలింగ్ తరగతులకు వచ్చి, ఇప్పుడు కాయల వ్యాపారం చేస్తున్న ఒక యువకుడు మా ఇంటికి వచ్చాడు. జేబులోంచి బొటనవేలంత గాజు సీసా తీసి బల్ల మీద పెట్టాడు. అడుగున చిటికెడు తెల్లని పొడి. చీటీ మీద ఒక పెప్టైడ్ పేరు, దాని కింద ‘ప్రయోగశాల పరిశోధనకు మాత్రమే’ అనే మాట.

“మాస్టారూ, నిద్ర పట్టడం లేదు. ఇది వేసుకుంటే గాఢ నిద్ర వస్తుందన్నారు. రెండుసార్లు వేసుకున్నాను. మొదటి రాత్రి బ్రహ్మాండంగా పట్టింది. రెండో రాత్రి పర్లేదు. మూడోది వేసుకునే ముందు మిమ్మల్ని ఒక మాట అడుగుదామని వచ్చాను” అన్నాడు.

అతను అడిగినది ఒక ప్రశ్నలా కనిపించినా అందులో మూడున్నాయి. ఈ పదార్థం నిజంగా నిద్ర తెప్పిస్తుందా? తెప్పిస్తుందని మనకు ఎలా తెలుసు? తెలియనప్పుడు ఒంట్లోకి ఎక్కించుకోవచ్చా? ఈ మూడింటికీ క్రమంగా జవాబులు వెతకడమే ఈ భాగం ఉద్దేశం. మీలో కొందరు సైన్సు విద్యార్థులు కాకపోవచ్చు. ఇక్కడి విషయం అర్థం కావడానికి పదో తరగతి జీవశాస్త్రం చాలు.

9.2 పెప్టైడ్ అంటే ఏమిటి?

మన శరీరంలోని ప్రోటీన్‌లన్నీ అమైనో ఆమ్లాలు అనే చిన్న అణువుల గొలుసులు. గొలుసు పొడవుగా ఉంటే ప్రోటీన్ అంటాం, పొట్టిగా ఉంటే పెప్టైడ్ అంటాం. రెండింటి మధ్య గట్టి సరిహద్దు లేదు. సుమారు 50 అమైనో ఆమ్లాల లోపు ఉన్నవాటిని పెప్టైడ్‌లుగా పిలవడం వాడుక.

మీకు బాగా తెలిసిన ఉదాహరణ ఇన్సులిన్. ఇందులో రెండు గొలుసులు, మొత్తం 51 అమైనో ఆమ్లాలు ఉంటాయి. దీనిని మాత్రగా మింగరు, సూదితో చర్మం కింద ఇస్తారు. మింగితే పప్పులోని ప్రోటీన్‌ను అరిగించినట్టే జీర్ణరసాలు దాన్నీ అరిగించేస్తాయి. చల్లగా నిల్వ చేయకపోతే పాడవుతుంది. చాలా పెప్టైడ్ మందులకు ఈ రెండు ఇబ్బందులూ ఉంటాయి. రక్తంలో ఉండే ఎంజైములు చిన్న పెప్టైడ్‌లను త్వరగా ముక్కలు చేయడం మూడో ఇబ్బంది.

ఇన్సులిన్‌ను నమ్మి వాడుతున్నాం కదా, మరో పెప్టైడ్‌ను ఎందుకు అనుమానించాలి అని మీరు అడగవచ్చు. ఇన్సులిన్‌ను తయారుచేసే జన్యువు ఏదో తెలుసు. అది కణాల మీద ఏ గ్రాహకానికి అతుక్కుంటుందో తెలుసు. లోపిస్తే ఏ జబ్బు వస్తుందో, ఎంత మోతాదు ఇస్తే చక్కెర ఎంత తగ్గుతుందో తెలుసు. 1922లో మొదటి రోగికి ఇచ్చినప్పటి నుంచి నూరేళ్లకు పైగా కోట్ల మంది అనుభవం ఉంది. ‘పెప్టైడ్’ అనేది ఒక రసాయన తరగతి పేరు మాత్రమే. ఆ తరగతిలో ఒకటి మంచిదని రుజువైతే మిగతావన్నీ మంచివైపోవు. పుట్టగొడుగుల్లో కూరకు పనికొచ్చేవీ ఉన్నాయి, ప్రాణం తీసేవీ ఉన్నాయి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - 1
సూచన: జవాబులను ఈ భాగం చివర ఇచ్చినవాటితో సరిపోల్చుకోండి.
1. ఇన్సులిన్‌ను మాత్రగా ఎందుకు ఇవ్వరు?
2. ఇన్సులిన్ మీద మనకున్న నమ్మకానికి రెండు ఆధారాలు పేర్కొనండి.

9.3 నిద్ర పదార్థం కోసం వెతుకులాట

రోజంతా మేలుకొని ఉంటే నిద్ర ముంచుకొస్తుంది. ఎంత ఎక్కువసేపు మేలుకుంటే అంత గట్టిగా వస్తుంది. అంటే మేలుకొని ఉన్నంతసేపూ ఒంట్లో ఏదో పదార్థం పోగవుతూ ఉండాలి, అదే నిద్ర తెప్పిస్తూ ఉండాలి అన్న ఊహ సహజంగానే పుడుతుంది. ఈ ఊహను ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే రెండు దేశాల్లో వేరువేరుగా పరీక్షించారు. జపాన్‌లో కునియోమి ఇషిమోరి 1909లో ఫలితాలు ప్రకటించాడు. ఫ్రాన్స్‌లో రెనె లెజాండ్ర్, ఆన్రీ పియెరాన్ అదే కాలంలో పనిచేశారు. రోజుల తరబడి నిద్ర లేకుండా ఉంచిన కుక్కల నుంచి తీసిన ద్రవాన్ని హాయిగా నిద్రపోయి లేచిన కుక్కల మెదడులోకి ఎక్కిస్తే, అవి కూడా మత్తుగా నిద్రపోయాయి. ఏదో ఉందని తేలింది. అదేమిటో తెలియలేదు.

1967లో అమెరికాలోని హార్వర్డ్‌లో జాన్ పాపెన్‌హైమర్ బృందం ఇదే ప్రయోగాన్ని మేకలతో చేసింది. వారు వెతికిన పదార్థానికి ‘ఫ్యాక్టర్ ఎస్’ అని పేరు పెట్టారు. దానిని శుద్ధి చేయడానికి చివరకు వేల లీటర్ల మానవ మూత్రాన్ని వడగట్టవలసి వచ్చింది. 1982 నాటికి తేలిన విషయం అందరినీ ఆశ్చర్యపరిచింది. అది మ్యురామిల్ పెప్టైడ్, అంటే బ్యాక్టీరియా కణకవచంలో ఉండే ముక్క. మన శరీర కణాలు దానిని తయారుచేయవు. జ్వరం వచ్చినప్పుడు మగతగా ఎందుకుంటుందో అర్థం చేసుకోవడానికి ఈ ఫలితం బాగా ఉపయోగపడింది. కానీ మామూలు రాత్రి మామూలు మనిషికి నిద్ర తెప్పించే పదార్థం దొరికిందని ఎవరూ అనలేకపోయారు.

ఈ చరిత్రలో మనం గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది. ఒక పదార్థాన్ని ఎక్కిస్తే జంతువు నిద్రపోయింది అనేది ఒక వాక్యం. ఆ పదార్థమే రోజూ మనల్ని నిద్రపుచ్చుతోంది అనేది వేరే వాక్యం. అది నిద్ర పట్టనివారికి మందుగా పనికొస్తుంది అనేది మూడో వాక్యం. ఒకటి నిజమైతే తరువాతిది దానంతటదే నిజం కాదు. ప్రతి దానికీ విడిగా రుజువు కావాలి.

9.4 డి.ఎస్.ఐ.పి. కథ

9.4.1 ఆవిష్కరణ

మా యువకుడు తెచ్చిన సీసా మీద ఉన్న పేరు ఇదే. దీని పూర్తి పేరుకు తెలుగులో ‘డెల్టా నిద్రను కలిగించే పెప్టైడ్’ అని అర్థం. డెల్టా అంటే ఏమిటో ముందు చూద్దాం. తలకు ఎలక్ట్రోడ్‌లు అతికించి మెదడు విద్యుత్తును నమోదు చేసే పద్ధతిని ఇ.ఇ.జి. అంటారు. గాఢ నిద్రలో ఈ నమోదులో సెకనుకు నాలుగుకు మించని నెమ్మదైన, ఎత్తైన తరంగాలు కనిపిస్తాయి. ఇవే డెల్టా తరంగాలు.

స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో మార్సెల్ మోనియే, గైడో షూనెన్‌బెర్గర్ కుందేళ్లతో పనిచేశారు. కుందేలు మెదడులో థాలమస్ అనే భాగాన్ని నెమ్మదైన విద్యుత్ స్పందనలతో ప్రేరేపించి నిద్రపుచ్చారు. ఆ సమయంలో మెదడు నుంచి బయటికి వచ్చే రక్తాన్ని సేకరించి, వడగట్టి, వేరే కుందేళ్లకు ఎక్కించారు. వాటి ఇ.ఇ.జి.లో డెల్టా తరంగాలు పెరిగాయి. ఆ వడపోతలో ఉన్నది తొమ్మిది అమైనో ఆమ్లాల పెప్టైడ్ అని 1977లో ప్రకటించారు. ఆ వరుస ఇది: ట్రిప్టోఫాన్, అలనిన్, గ్లైసిన్, గ్లైసిన్, ఆస్పార్టిక్ ఆమ్లం, అలనిన్, సెరిన్, గ్లైసిన్, గ్లుటామిక్ ఆమ్లం.

ఇది చిన్న సాధన కాదు. ఇంత చిన్న పెప్టైడ్‌ను ప్రయోగశాలలో తయారుచేయడం తేలిక కాబట్టి అనేక దేశాల్లో పరిశోధన మొదలైంది.

9.4.2 దొరకని జన్యువు, దొరకని గ్రాహకం

ఒక పెప్టైడ్ మన శరీరంలో సహజంగా తయారవుతోందని చెప్పాలంటే దాని నమూనా మన జన్యువుల్లో ఉండాలి. సాధారణంగా చిన్న పెప్టైడ్‌లు పెద్ద ప్రోటీన్ నుంచి తెగి వస్తాయి. ఆ పెద్ద ప్రోటీన్‌కు ఒక జన్యువు ఉంటుంది. 2003 నాటికి మానవ జన్యుపటం చదవడం పూర్తయినట్టు ప్రకటించారు. అయినా డి.ఎస్.ఐ.పి.కి జన్యువు దొరకలేదు. అది అతుక్కొని పనిచేసే గ్రాహకమూ దొరకలేదు.

మరి రక్తంలో, మెదడులో డి.ఎస్.ఐ.పి. ఉందని కొందరు ఎలా చెప్పారు? వాళ్లు వాడినది ప్రతిదేహాలతో గుర్తించే పద్ధతి. ప్రతిదేహం ఒక ఆకారాన్ని గుర్తుపడుతుంది. దానిని పోలిన మరో ఆకారం ఎదురైనా అతుక్కోవచ్చు. దూరం నుంచి చొక్కా చూసి మనిషిని గుర్తుపట్టినట్టే ఇది. చొక్కా సరిపోయినంత మాత్రాన మనిషి అతనే అని చెప్పలేం.

ఇతర ప్రయోగశాలల్లో జంతువుల మీద చేసిన పరీక్షల ఫలితాలు కూడా నిలకడగా రాలేదు. ఒకచోట నిద్ర పెరిగింది, మరోచోట మార్పు కనిపించలేదు. మోతాదు పెంచితే ప్రభావం పెరగవలసింది పోయి తగ్గిన సందర్భాలున్నాయి. పైగా ఈ పెప్టైడ్‌ను రక్తంలోని ఎంజైములు నిమిషాల్లోనే విరగ్గొడతాయి. నిమిషాల్లో మాయమయ్యేది రాత్రంతా ఎలా పనిచేస్తుందన్న ప్రశ్నకు తృప్తికరమైన జవాబు రాలేదు. ఈ రంగంలో పనిచేసిన రష్యా శాస్త్రజ్ఞుడు వ్లదీమిర్ కొవాల్జోన్ 2006లో తన సహరచయితతో రాసిన సమీక్షా వ్యాసానికి, ఇది ఇంకా విడని చిక్కుముడి అన్న అర్థం వచ్చే శీర్షికే పెట్టాడు.

9.4.3 మనుషుల మీద పరీక్షలు

1980లలో నిద్రలేమి ఉన్నవారికి డి.ఎస్.ఐ.పి.ని నరంలోకి ఎక్కించి కొన్ని పరీక్షలు చేశారు. మొదట వచ్చిన ఫలితాలు ఆశ కలిగించాయి. కానీ ఒక్కో పరీక్షలో పాల్గొన్నవారు కొద్దిమందే.

1992లో ప్రచురితమైన ఒక అధ్యయనం జాగ్రత్తగా చదవవలసినది. దీర్ఘకాల నిద్రలేమి ఉన్న 16 మందిని తీసుకొని, కొందరికి డి.ఎస్.ఐ.పి., కొందరికి మందు లేని ద్రవం ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో రోగికీ తెలియదు, కొలిచేవారికీ తెలియదు. దీనినే డబుల్ బ్లైండ్ పద్ధతి అంటారు. ఫలితంలో, పెప్టైడ్ తీసుకున్నవారు కొంచెం త్వరగా నిద్రపోయినట్టు, మంచం మీద గడిపిన కాలంలో నిద్ర వాటా కొంచెం పెరిగినట్టు కనిపించింది. ఇక్కడితో చదవడం ఆపేస్తే ‘శాస్త్రీయంగా రుజువైంది’ అని ప్రకటన రాసుకోవచ్చు. పరిశోధకులు అక్కడ ఆగలేదు. ఈ ప్రభావం బలహీనమైనదనీ, తేడాలో కొంత భాగం ప్లాసిబో గుంపులో యాదృచ్ఛికంగా వచ్చిన మార్పు వల్ల కావచ్చనీ, ఈ వైద్యం వల్ల పెద్ద ప్రయోజనం ఉండకపోవచ్చనీ తేల్చారు.

యాదృచ్ఛిక మార్పు అంత పని చేస్తుందా? ఒక చిన్న లెక్క చూడండి. ఒక గుంపులో 8 మంది ఉన్నారనుకోండి. వారిలో ఒక్కరు ఆ రాత్రి కడుపు నొప్పితో 2 గంటల నిద్ర పోగొట్టుకున్నారు. గుంపు సగటు ఎంత తగ్గుతుంది? 120 నిమిషాలను 8తో భాగిస్తే 15 నిమిషాలు. మందు ఏమీ చేయకపోయినా ‘మందు తీసుకున్నవారు సగటున 15 నిమిషాలు ఎక్కువ నిద్రపోయారు’ అన్న వాక్యం తయారవుతుంది. అదే గుంపులో 400 మంది ఉంటే ఆ ఒక్కరి కడుపు నొప్పి సగటును 18 సెకన్లే కదుపుతుంది. పెద్ద పరీక్షలు కావాలని పట్టుబట్టేది ఇందుకే.

9.4.4 ఇదే దారిలో అమ్ముడయ్యే మరికొన్ని

ఎపిటాలాన్ అనేది నాలుగు అమైనో ఆమ్లాల పెప్టైడ్. రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో వ్లదీమిర్ హవిన్సన్ బృందం దీని మీద పనిచేసింది. అది మెలటోనిన్‌ను పెంచి నిద్రను సరిదిద్దుతుందనే వాదనకు ఆధారం ప్రధానంగా ఆ ఒక్క బృందం నుంచే వచ్చింది. ఇపామోరెలిన్, సి.జె.సి.-1295 అనేవి పెరుగుదల హార్మోన్‌ను విడుదల చేయించే పెప్టైడ్‌లు. రాత్రి మొదటి గాఢ నిద్రలో ఈ హార్మోన్ ఎక్కువగా విడుదలవుతుందన్నది నిజమే. దాన్ని తిరగేసి, హార్మోన్‌ను పెంచితే గాఢ నిద్ర వస్తుందని అమ్మకందారులు చెబుతారు. కోడి కూసినప్పుడు తెల్లవారుతుంది. అంతమాత్రాన కోడిని కూయిస్తే తెల్లవారదు. నిద్రలేమి ఉన్నవారిలో ఈ పెప్టైడ్‌లకు పెద్ద నియంత్రిత పరీక్షల మద్దతు లేదు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - 2
1. డి.ఎస్.ఐ.పి.ని ఎప్పుడు, ఏ జంతువు నుంచి గుర్తించారు?
2. డబుల్ బ్లైండ్ పద్ధతి అంటే ఏమిటి?
3. ప్రతిదేహాల పద్ధతిలో గుర్తించడం పూర్తి రుజువు ఎందుకు కాదు?

9.5 పోలికకు ఒరెక్సిన్

సాక్ష్యం బలంగా ఉంటే ఎలా ఉంటుందో తెలిస్తే, బలహీనంగా ఉన్నది సులభంగా కనిపిస్తుంది. అందుకు ఒరెక్సిన్ మంచి ఉదాహరణ. 1998లో రెండు బృందాలు ఒకరికొకరు సంబంధం లేకుండా ఒకే పెప్టైడ్ జంటను కనుగొన్నాయి. ఒక బృందం ఒరెక్సిన్ అన్నది, మరొకటి హైపోక్రెటిన్ అన్నది. జన్యువు తెలిసింది, రెండు గ్రాహకాలు తెలిశాయి. మెదడులో హైపోథాలమస్ ప్రాంతంలోని కొన్ని వేల కణాలే దానిని తయారుచేస్తాయని తెలిసింది.

మరుసటి ఏడాదే, నడుస్తూ నడుస్తూ నిద్రలోకి కూలిపోయే జబ్బున్న కుక్కల్లో ఒరెక్సిన్ గ్రాహకం జన్యువు దెబ్బతిన్నదని స్టాన్‌ఫర్డ్‌లో ఎమ్మాన్యుయెల్ మిన్యో బృందం చూపింది. ఒరెక్సిన్ లేకుండా చేసిన ఎలుకలూ అలాగే ప్రవర్తించాయి. 2000లో నార్కోలెప్సీ రోగుల మెదడులో ఆ కణాలు నశించి ఉన్నాయని తేలింది. కుక్క, ఎలుక, మనిషి మూడూ ఒకే మాట చెప్పాయి: ఒరెక్సిన్ మనల్ని మేలుకొని ఉంచుతుంది. అయితే దానిని అడ్డుకుంటే నిద్ర రావాలి. అలా అడ్డుకునే సువోరెక్సాంట్ అనే మాత్రను వెయ్యి మందికి పైగా రోగులతో పరీక్షించాక 2014లో అమెరికా ఆమోదించింది. దానికీ పరిమితులు, దుష్ఫలితాలు ఉన్నాయి. కానీ అవేమిటో కొలిచి, చీటీ మీద రాశారు.

ఒక విశేషం గమనించారా? నిద్రకు సంబంధించిన పెప్టైడ్ పరిశోధనలో పుట్టిన ఈ మందు స్వయంగా పెప్టైడ్ కాదు. అది మింగగలిగే మామూలు చిన్న అణువు.

9.6 మందు పనిచేసిందని ఎందుకు అనిపిస్తుంది?

“మరి నాకు మొదటి రాత్రి నిద్ర పట్టింది కదా మాస్టారూ?” అని అడిగాడు మా యువకుడు. అతని అనుభవం అబద్ధం కాదు. దానికి కారణం మాత్రం మందే అయి ఉండనక్కరలేదు. ఈ సంగతి తోటల వాళ్లకు చెప్పడం తేలిక.

చాలా మామిడి రకాలు ఒక ఏడాది విరగకాసి, మరుసటి ఏడాది తక్కువ కాస్తాయి. కాపు బాగా తగ్గిన ఏడాది రైతు దిగులుపడి ఎవరో చెప్పిన టానిక్కు కొంటాడు. మరుసటి ఏడు కాపు పెరుగుతుంది. టానిక్కు గొప్పదంటాడు. కొట్టకపోయినా చెట్టు కాసేదే. నిద్రలేమి కూడా ఇలాగే ఎక్కువ తక్కువలుగా సాగుతుంది. మనిషి మందు కొనేది వరసగా నాలుగు రాత్రులు నరకం చూశాకే. అంతకన్నా దిగజారడానికి పెద్దగా చోటు లేదు కాబట్టి, తరువాతి రాత్రి ఏం చేసినా కొంత మెరుగ్గానే ఉండే అవకాశం ఎక్కువ. గణాంకశాస్త్రంలో దీనిని సగటు వైపు మళ్లడం అంటారు.

రెండోది ఆశ. ఖరీదు పెట్టి కొన్నాం, సూది పొడుచుకున్నాం, ఇక నిద్ర వస్తుందనే నిశ్చింత కలుగుతుంది. నిద్ర పట్టదేమో అన్న బెంగే నిద్రను చెడగొడుతుంది కాబట్టి, ఆ నిశ్చింత ఒక్కటే కొంత నిద్ర తెస్తుంది. మందు లేని సూదితోనూ ఇది జరుగుతుంది. ఇదే ప్లాసిబో ప్రభావం.

టానిక్కు పనిచేసిందో లేదో రైతు ఎలా తెలుసుకోవాలి? ఒకే తోటలో, ఒకే వయసు చెట్లలో, చీట్లు తీసి సగం చెట్లకు టానిక్కు, మిగతా సగానికి వట్టి నీళ్లు కొట్టాలి. ఏ చెట్టుకు ఏది కొట్టారో కాయలు లెక్కపెట్టేవాడికి తెలియకూడదు. రెండు మూడేళ్లు లెక్కపెట్టాలి. వైద్యంలో నియంత్రిత పరీక్ష అంటే ఇంతకన్నా వేరే ఏమీ కాదు.

ఇక మూడో విషయం, ఏం కొలుస్తున్నాం అన్నది. కార్బైడ్ పెట్టి మగ్గించిన కాయ పైకి పసుపు పచ్చగా నిగనిగలాడుతుంది. కోస్తే లోపల పులుపు. గడ్డిలో మగ్గేసిన చిన్నరసానికి రంగు నెమ్మదిగా వస్తుంది, రుచి దానితోపాటు వస్తుంది. రంగు పండడానికి గుర్తు, రంగే పండడం కాదు. అలాగే ఇ.ఇ.జి.లో డెల్టా తరంగాలు గాఢ నిద్రకు గుర్తు. ఒక పదార్థం ఆ తరంగాలను పెంచినంత మాత్రాన మర్నాడు మనిషి తేటగా లేచాడని, పనిలో మెలకువగా ఉన్నాడని అర్థం కాదు. వాటిని విడిగా కొలవాలి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - 3
1. ‘సగటు వైపు మళ్లడం’ను మీ సొంత ఉదాహరణతో వివరించండి.
2. డెల్టా తరంగాలు పెరగడం మాత్రమే చాలని ఎందుకు అనలేం?

9.7 సీసాలో ఏముంది? చట్టం ఏమంటుంది?

ఇప్పటిదాకా సీసాలో ఉన్నది చీటీ మీద రాసినదే అనుకొని మాట్లాడాం. అదీ తెలియదు. పరిశోధన పేరుతో అమ్మే సీసాను మందుల ప్రమాణాల ప్రకారం ఎవరూ తనిఖీ చేయరు. అందులో ఆ పెప్టైడ్ ఉందా, చెప్పినంత ఉందా, తయారీలో మిగిలిన రసాయనాలు ఎన్ని, బ్యాక్టీరియా విషాలు ఉన్నాయా అన్నవి వాడేవారికి తెలిసే మార్గం లేదు. నోటితో తీసుకునేదానికి కడుపులోని ఆమ్లం కొంత కాపలా కాస్తుంది. సూదికి ఆ కాపలా లేదు. నూజివీడు మే నెల ఎండలో, కొరియర్ సంచిలో రోజుల తరబడి తిరిగి వచ్చిన పెప్టైడ్ ఏ స్థితిలో ఉంటుందో కూడా ఆలోచించండి. ఇంట్లో సొంతంగా నీళ్లు కలిపి, సూది పొడుచుకోవడంలో చీము పట్టే ప్రమాదం ఉంది. బయటి పెప్టైడ్‌ను శరీరం శత్రువుగా గుర్తించి అలర్జీ చూపే ప్రమాదమూ ఉంది.

డి.ఎస్.ఐ.పి. భారతదేశంలో గానీ అమెరికాలో గానీ నిద్రలేమికి ఆమోదం పొందిన మందు కాదు. అమెరికా ఎఫ్.డి.ఎ. 2023లో దీనిని ఎమిడెల్టైడ్ అనే పేరుతో, మందుల దుకాణాల్లో కలిపి తయారుచేస్తే గణనీయమైన ప్రమాదాలకు అవకాశమున్న పదార్థాల వర్గంలో చేర్చింది. మన దేశంలో మందుల తయారీ, అమ్మకం 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం కిందకు వస్తాయి. కొత్త మందును మనుషుల మీద పరీక్షించడానికి 2019 నాటి కొత్త ఔషధాలు, క్లినికల్ పరీక్షల నియమాలు ఉన్నాయి. వాటి ప్రకారం కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ అనుమతి, నైతిక సంఘం పరిశీలన, పాల్గొనేవారి లిఖితపూర్వక సమ్మతి, హాని జరిగితే పరిహారం ఉండాలి. పరీక్షను భారత క్లినికల్ పరీక్షల రిజిస్ట్రీలో ముందుగా నమోదు చేయాలి. ఈ రిజిస్ట్రీ 2007లో మొదలైంది, దానిని ఎవరైనా ఉచితంగా చూడవచ్చు.

‘పరిశోధనకు మాత్రమే’ అన్న సీసాను ఇంట్లో వాడేవాడు ఒక పరీక్షలో పాల్గొంటున్నట్టే. ఆ పరీక్షకు నమోదు లేదు, వైద్యుడు లేడు, పరిహారం లేదు. ఫలితం రాసుకునేవాడు కూడా లేడు కాబట్టి అతను భరించిన ప్రమాదం వల్ల మరొకరికి తెలిసేదీ ఏమీ ఉండదు.

9.8 నిద్ర పట్టనివారు ఏం చేయాలి?

సాక్ష్యం లేదు అని చెప్పి ఊరుకుంటే నిద్ర లేని మనిషికి ఉపయోగం లేదు. ముందు చేయవలసినది కారణం వెతకడం. నిద్రలేమి అని మనం పిలిచేదాని వెనుక బెంగ, కుంగుబాటు, థైరాయిడ్, నొప్పి, సాయంత్రం టీలు, మద్యం, రాత్రి షిఫ్టులు ఏవైనా ఉండవచ్చు. బిగ్గరగా గురక, నిద్రలో ఊపిరి ఆగడం, పగలు కునికిపాట్లు ఉంటే నిద్రలో శ్వాస అడ్డుపడే జబ్బును అనుమానించాలి. దీనిని స్లీప్ అప్నియా అంటారు.

వేరే కారణం లేని దీర్ఘకాల నిద్రలేమికి మొదటి వైద్యంగా ప్రవర్తనా చికిత్సను వాడాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో సిఫారసు చేసింది. దాని సారాంశం ఇది: రోజూ ఒకే వేళకు లేవడం; నిద్ర వచ్చినప్పుడే మంచమెక్కడం; నిద్ర పట్టకపోతే లేచి వేరే చోట కూర్చొని, మళ్లీ నిద్ర వచ్చాక పడుకోవడం; మంచం మీద గడిపే కాలాన్ని నిజంగా నిద్రపోయే కాలానికి దగ్గరగా తగ్గించి, క్రమంగా పెంచడం; ‘ఈ రాత్రి కూడా పట్టదు’ అనే ఆలోచనను ఎదుర్కోవడం నేర్చుకోవడం. వీటికి కొన్ని వారాల ఓపిక కావాలి. మొదటి వారం కష్టంగా కూడా ఉంటుంది. వాహనం నడిపేవారు, మూర్ఛ వంటి జబ్బులున్నవారు మంచం కాలం తగ్గించే ముందు వైద్యుణ్ణి అడగాలి. అయితే దీనికి అనేక నియంత్రిత పరీక్షల మద్దతు ఉంది, ఫలితం వైద్యం ఆపాక కూడా నిలుస్తుంది.

మా యువకుణ్ణి నేను ఒకే ప్రశ్న అడిగాను: “గురక పెడతావా బాబూ?” అతను నవ్వి, “నాకేం తెలుస్తుంది మాస్టారూ, మా ఆవిడైతే పక్క గదిలో పడుకుంటోంది” అన్నాడు. పగలు మండీకి బండి నడుపుతూ రెండుసార్లు కునికాననీ చెప్పాడు. మూడో సూది ఆపి విజయవాడలో ఊపిరితిత్తుల వైద్యుణ్ణి కలవమన్నాను. రాత్రి నిద్ర పరీక్షలో స్లీప్ అప్నియా అని తేలింది. అతనికి కావలసినది గాఢ నిద్ర తెచ్చే పొడి కాదు, నిద్రలో గొంతు మూసుకుపోకుండా గాలిని నెట్టే యంత్రం. సీసా పనిచేస్తున్నట్టు మరో నెల అనిపించి ఉంటే, ఆ నెలంతా అతను అర్ధనిద్రలో స్టీరింగు పట్టుకొని ఉండేవాడు. పనికిరాని మందు తిన్నగా హాని చేయకపోయినా, అసలు జబ్బును దాచిపెట్టి హాని చేయగలదు.

9.9 సారాంశం

పెప్టైడ్‌లు అమైనో ఆమ్లాల పొట్టి గొలుసులు. ఇన్సులిన్ వంటి కొన్ని బాగా రుజువైన మందులు. 1977లో కుందేళ్ల నుంచి గుర్తించిన డి.ఎస్.ఐ.పి.కి ఇప్పటికీ జన్యువు, గ్రాహకం తెలియవు. మనుషుల మీద చేసిన పరీక్షలు చిన్నవి, ప్రభావం బలహీనమైనది. ఒరెక్సిన్ విషయంలో జన్యువు, గ్రాహకం, జబ్బు, మందు ఒకదానితో ఒకటి సరిపోయాయి. సొంత అనుభవం మనల్ని సగటు వైపు మళ్లడం, ప్లాసిబో ప్రభావం వల్ల తప్పుదారి పట్టించవచ్చు. ‘సాక్ష్యం లేదు’ అంటే ‘పనిచేయదని రుజువైంది’ అని అర్థం కాదు. రేపు పెద్ద పరీక్షలో మంచి ఫలితం వస్తే మన అభిప్రాయం మార్చుకోవాలి. అంతవరకు సూది పొడుచుకోవడానికి ఆధారం లేదు.

ఏ కొత్త మందు ప్రకటన చూసినా ఈ ఐదు ప్రశ్నలు వేయండి: పరీక్ష జంతువుల మీదా, మనుషుల మీదా? ఎంతమంది మీద? దేనితో పోల్చారు? వేరే బృందం అదే ఫలితం చూపిందా? ఆమోదం ఎవరిచ్చారు, దేనికిచ్చారు?

9.10 మీ ప్రగతిని సమీక్షించుకోండి: జవాబులు

1) 1. జీర్ణరసాలు దానిని మామూలు ప్రోటీన్ లాగే అరిగించేస్తాయి. 2. జన్యువు, గ్రాహకం తెలియడం. మోతాదుకు, ఫలితానికి ఉన్న సంబంధం తెలియడం. దీర్ఘకాల అనుభవం కూడా రాయవచ్చు.

2) 1. 1977లో, కుందేళ్ల రక్తం నుంచి. 2. ఎవరికి మందు, ఎవరికి ప్లాసిబో ఇచ్చారో రోగికీ, కొలిచేవారికీ తెలియకుండా చేసే పరీక్ష. 3. ప్రతిదేహం పోలికలున్న ఇతర అణువులకు కూడా అతుక్కోవచ్చు.

3) 1. మీ ఉదాహరణలో మూడు అంశాలు ఉన్నాయేమో చూసుకోండి: ఎక్కువ తక్కువలయ్యే కొలత, బాగా దిగజారినప్పుడు తీసుకున్న చర్య, ఆ చర్య లేకపోయినా వచ్చే మెరుగుదల. 2. అవి గాఢ నిద్రకు గుర్తు మాత్రమే. మర్నాటి మెలకువ, ఆరోగ్యం విడిగా కొలవాలి.

9.11 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. క్రింది ప్రశ్నలకు 30 పంక్తులలో జవాబులు రాయండి.
1. డి.ఎస్.ఐ.పి.ని నిద్ర మందుగా అంగీకరించడానికి ఉన్న అభ్యంతరాలను వివరించండి.
2. డి.ఎస్.ఐ.పి., ఒరెక్సిన్‌ల సాక్ష్యాలను పోల్చండి.

II. క్రింది ప్రశ్నలకు 10 పంక్తులలో జవాబులు రాయండి.
1. ఫ్యాక్టర్ ఎస్ అన్వేషణ నేర్పిన పాఠం ఏమిటి?
2. చిన్న పరీక్షల ఫలితాలను ఎందుకు జాగ్రత్తగా చూడాలి? లెక్కతో వివరించండి.
3. మీ ఊళ్లో అమ్ముడవుతున్న ఏదైనా ఒక టానిక్కు లేదా పొడి ప్రకటనను తీసుకొని, 9.9లోని ఐదు ప్రశ్నలతో పరిశీలించండి.

9.12 కీలక పదాలు

గ్రాహకం: కణం మీద గానీ లోపల గానీ ఉండి, ప్రత్యేకమైన అణువు అతుక్కున్నప్పుడు స్పందించే నిర్మాణం.
ప్లాసిబో: చూడడానికి మందులాగే ఉండి, మందు లేనిది.
నియంత్రిత పరీక్ష: మందు తీసుకున్నవారిని, తీసుకోనివారితో పోల్చి చూసే పరీక్ష.
సగటు వైపు మళ్లడం: బాగా ఎక్కువగా లేదా బాగా తక్కువగా వచ్చిన కొలత, తరువాతిసారి సగటుకు దగ్గరగా వచ్చే ధోరణి.
స్లీప్ అప్నియా: నిద్రలో శ్వాస పదేపదే ఆగిపోయే జబ్బు.